తుపాకీ తన్నని ఉదయం

కోడలు సంచి సర్దుతోంది. అది సర్దడం కాదు, కసి తీర్చుకోవడం. బూట్ల మీద తువ్వాలు, తువ్వాలు మీద తడి సబ్బు, దానిమీద దేశం పేరు కుట్టిన చొక్కా. పక్క మంచం మీద, అంత ఉక్కలోనూ చేతులు రెండూ శాలువాలో దాచుకుని, అత్తగారు ప్రతి వస్తువుకీ ఉలిక్కిపడుతున్నారు.

"మందుల డబ్బా అడుగున పెట్టకే. దారిలో కావలసొస్తే?"

"నాకే జబ్బూ లేదత్తయ్యా. కళ్ళు పోయాయి, అంతే."

అంతర్జాతీయ క్రీడల్లో ఆడవాళ్ళ ట్రాప్ షూటింగ్ పోటీ అది. ఎదురుగా ఉన్న కందకంలోంచి నారింజరంగు మట్టి పళ్ళెం రివ్వున లేస్తుంది. అందకుండా పోయేలోగా దాన్ని తుపాకీతో గాలిలోనే పేల్చాలి. నిన్న కోడలు దాదాపు ఒక్కటీ వదల్లేదు. ఇవాళ పొద్దున వరసపెట్టి పోగొట్టుకుంది. నిన్నటి పుణ్యమా అని ఆఖరి స్థానంతో ఫైనల్లో పడింది. ఫైనల్ మధ్యాహ్నం. ఆమె మాత్రం ఇంటికి పోతానని కూర్చుంది.

కోచ్ గాభరాపడి, ఆ ఊళ్ళో ఉన్న ప్రైవేటు డిటెక్టివ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ అసిస్టెంటు సొంత మరిది కావడంతో ఊరంతా ఆవిడని వదిన అనే పిలుస్తారు. వదిన గుమ్మంలోనే ఆగి సంచినీ మంచాన్నీ చూసింది.

"రోజూ ఈ సంచి సర్దేదెవరమ్మా?"

"మా అత్తయ్యే. నన్ను దగ్గరికి కూడా రానివ్వరు. ఇవాళేమో వేలు కదపడం లేదు. పీడా పోతుందనుకుంటున్నారేమో!"

"అయ్యో, అవేం మాటలే!" అన్నారు అత్తగారు. చేతులు మాత్రం బయటికి రాలేదు.

"ఎవరిమీదైనా అనుమానమా?" అడిగాడు మరిది.

"పక్కగదిలో మా టీం అమ్మాయి ఉంది. నేను తప్పుకుంటే నా చోటు తనకే. నా తుపాకీని ఏదో చేసింది. పోయే ముందు దానిమీద ఫిర్యాదు ఇచ్చే పోతాను."

"ఇద్దువుగాని. ముందు తుపాకీ చూద్దాం పద. పొద్దున వేసుకున్న కోటు కూడా తెచ్చుకో."

మైదానం చివర ఆయుధాల గదిలో అందరూ చేరారు. ఫిర్యాదు మాట వినగానే టీం అమ్మాయి భగ్గుమంది.

"నీ తుపాకీ నాకెందుకు? నాదే మోయలేక చస్తున్నాను!"

కోచ్ తుపాకీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గొట్టం బాగుంది. చెంప ఆనించే చెక్క అంగుళం కాదు కదా, వెంట్రుకవాసి కూడా జరగలేదు. తూటాలంటారా, ఇద్దరూ ఒకే పెట్టెలోవి కాల్చారు."

"నాకు బాగానే పేలాయి," అంది టీం అమ్మాయి మూతి తిప్పుతూ.

వదిన గోడమీది నోటీసులో అన్నిటికన్నా చిన్న అక్షరాలు చదవమంది. కోడలు దూరం నుంచే గడగడా చదివేసింది.

"కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. తప్పిన గుళ్ళు ఎటు పోయాయి కోచ్‌గారూ?"

"కిందికండీ. ప్రతిసారీ పళ్ళెం పైనుంచి తప్పించుకుంది."

"మగవాళ్ళు కాస్త గోడవైపు తిరగండి. అమ్మాయ్, భుజం చూపించు."

నిన్నటి కాల్పుల దెబ్బకి భుజం కమిలి నల్లబడింది. కొత్త ఎరుపు ఎక్కడా లేదు.

"నొప్పుందా?"

"నిన్న చెయ్యెత్తలేకపోయాను. ఇవాళ కాల్చాక కూడా అంత లేదు."

వదిన ముఖం విప్పారింది. "మరిదీ, తలుపు వెయ్యి. అందరూ కూర్చోండి. అత్తయ్యగారికి మంచినీళ్ళివ్వు, ఆవిడకే అవసరం."

"దొరికారా వదినా?" మరిది కళ్ళు మెరిశాయి.

"దొరికారు. తుపాకీలో, తూటాలో, కంట్లో తప్పు లేదు. కానీ పేలినప్పుడల్లా భుజాన్ని తన్నే తుపాకీ ఇవాళ తన్నడం మానేసింది. అంటే మధ్యలో ఏదో అడ్డం పడింది."

వదిన చేతుల్లేని షూటింగ్ కోటు అందుకుని భుజం దగ్గర నొక్కింది. అది పరుపులా లోపలికి దిగింది.

"కోటంతా మిషన్ కుట్టు. ఈ ఒక్కచోట చేతికుట్టు. అత్తయ్యగారూ, ఆ శాలువాలోంచి చేతులు తీస్తారా?"

అత్తగారి బొటనవేలికి ప్లాస్టరు ఉంది.

"సూది దిగిందమ్మా," అన్నారావిడ చిన్నగా. "నిన్న సాయంత్రం అది స్నానానికి వెళ్ళినప్పుడు దిండులోంచి కాస్త దూది తీసి కుట్టాను. భుజం చూస్తే కడుపు తరుక్కుపోయింది. సంచి సర్దితే ఊరుకుంటుంది గానీ, కోటు మీద సూది పెడితే అరుస్తుందని చెప్పలేదు. దూది ఏం చేస్తుంది తల్లీ, మెత్తగా ఉండటం తప్ప?"

"తుపాకీని ముందుకి నెట్టింది. దాంతో ఈ అమ్మాయి చెంప, వాలుగా ఉన్న చెక్కమీద వెనక్కీ కిందికీ జారింది. చెంప దిగితే కన్ను దిగుతుంది, కన్ను దిగితే గుండు దిగుతుంది. నేరం దూదిది. చేయించింది ప్రేమ."

కోచ్ నుదురు కొట్టుకున్నాడు. అత్తగారు కోటు ఒళ్ళోకి లాక్కున్నారు. "నా చేతులారా దాని మెడల్ పోగొట్టానా?"

"ఇంకా పోలేదు. కత్తెరివ్వండి!" కోడలు కుట్లు విప్పింది. దూది ఊడి అందరి ఒళ్ళోనూ పడింది. అప్పుడు కోడలు టీం అమ్మాయి ముందుకెళ్ళి తల వంచుకుని నిలబడింది. "తప్పయింది. సారీ."

"సారీ తర్వాత చెబుదువుగాని. వెళ్ళి కాల్చు. మళ్ళీ కిందికి కొట్టావో, ఫిర్యాదు నేనిస్తాను."

"మరి నొప్పో?" అన్నారు అత్తగారు.

"నొప్పి నాది. మీరు చెవుల్లో ఆ దూది పెట్టుకుని కూర్చుని చూడండి అత్తయ్యా!"

ఆవిడ నిజంగానే పెట్టుకున్నారు. తుపాకీ పేలినప్పుడల్లా కళ్ళు మూసుకున్నారు, చప్పట్లు వినబడక, మరిదిని గోకి "తగిలిందా?" అని అడిగారు. తగిలింది, చాలాసార్లు తగిలింది. కోడలు వెండి పతకంతో, ఎర్రగా వాచిన భుజంతో వచ్చి ఆవిడని వాటేసుకుంది.

"వదినా, ఆ దిండు మీద రేపు పడుకునేవాళ్ళ మెడనొప్పి కేసు కూడా మనకే వస్తుంది," అన్నాడు మరిది.

ఆ సాయంత్రం అత్తగారు సంచంతా బోర్లించి మళ్ళీ సర్దారు. మందుల డబ్బా అన్నిటికన్నా పైన పెట్టారు. బయలుదేరేవాళ్ళకి ఏది ఎప్పుడు కావలసొస్తుందో ఎవరికి తెలుసన్నారు.

మరుసటి ఏడాది జులైలో ఆవిడ ఆపరేషన్‌కని ఆసుపత్రికి బయలుదేరారు. ఆ సంచి కోడలు సర్దింది. మందుల డబ్బా పైనే పెట్టింది. అత్తగారు ఆ నెల పంతొమ్మిదిన పోయారు. ఇంటికి తిరిగి రాలేదు.