యాకొమీనా వెయ్యని ఓటు

తలుపు తట్టకుండానే లోపలికొచ్చి పడ్డ ఆ మనిషిని డిటెక్టివ్ సహాయకురాలు యిక్కె చూడగానే గుర్తుపట్టింది. హేగ్ నగరంలో ఆ వారం ఆ ముఖం అచ్చు వెయ్యని పత్రిక లేదు, తిట్టని నోరు లేదు. పార్లమెంటు సభ్యురాలు యాకొమీనా విస్సె. నీళ్లోడుతున్న గొడుగు మడవడం కూడా మరిచిపోయి, డిటెక్టివ్ వెసెల్ బోంకర్ ఎదుట కూలబడింది.

"నేను అమ్ముడుపోలేదండీ. ఆ ఒక్క ముక్క రుజువు చేసిపెట్టండి. సోమవారం పార్టీవాళ్లు నన్ను గెంటేస్తున్నారు."

పదకొండేళ్ల కిందట ఆవిడ ఒకే ఒక్క మాట ఇచ్చి గెలిచింది. జేలాండ్‌లో తాతలు కట్టలు వేసి సముద్రం దగ్గర లాక్కున్న తమ ఊరి పొలాల్ని మళ్లీ సముద్రానికి వదలనివ్వనంది. ఆ మాట కోసం పెళ్లి మానుకుంది, మంత్రి పదవి వస్తే వద్దంది. తీరా రైతులకి పరిహారమిచ్చి ఆ పొలాలు వదిలెయ్యాలన్న బిల్లు మంగళవారం ఒక్క ఓటుతో నెగ్గింది. సభలో లేనిది ఆవిడ ఒక్కతే. ఉండి ఉంటే ఓట్లు సమానమై బిల్లు వీగిపోయేది.

"ఎక్కడికెళ్లారు?" అన్నాడు వెసెల్.

"నాన్నకి ప్రాణం మీదికొచ్చిందని సభకి ఫోనొచ్చింది. ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. రైలెక్కి, పడవెక్కి పరిగెత్తాను. చూస్తే నాన్న నిక్షేపంలా ఉన్నారు. బల్ల మీద కాఫీ, మూడు కప్పులు. మరీనస్ అన్నయ్య నాకూ పోశాడు. గుక్క దిగకముందే రేడియోలో చెప్పేశారు."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"వాళ్లిద్దరే. నాన్నకి చెవుడు, ఫోన్ జోలికి పోరు."

"మీకెవరి మీద అనుమానం?"

"డీడెరిక్. మా పార్టీవాడే. నేను పోతే నా స్థానం వాడిది."

ఆ ఫోను ఎత్తిన సభ బంట్రోతుకి విషయం బాగానే గుర్తుంది. "'ఊబ్రెక్ట్ విస్సె పోయేలా ఉన్నాడు, కూతుర్ని పంపండి' అన్నాడండీ. ఆ ఊబ్రెక్ట్ ఎవరో నాకు తెలిస్తేగా! 'హూబ్రెక్ట్, మా నాన్న' అని ఆవిడే సరిచేసింది."

డీడెరిక్ ఆ సంగతి విని పకపకా నవ్వాడు. "జేలాండ్ వాళ్ల నోట 'హ' పలికిందెప్పుడు? 'ఈ ఏగ్ నాకు పడదు!' కోపమొస్తే మా యాకొమీనా ఇలాగే అరుస్తుంది." ఆ అనుకరణకి యిక్కె అదిరిపడింది.

"దొరికాడండీ!" అంది బయటికి రాగానే.

"అయితే అతన్నీ ఆ పల్లెకి తీసుకెళ్దాం," అన్నాడు వెసెల్.

శనివారం ఆ ఇంటి గుమ్మంలో మరీనస్ ఎదురొచ్చాడు. "ఏగ్ నుంచి ఇంత దూరమా! రండి, రండి." వంటింటి బల్ల చుట్టూ యాకొమీనా, డీడెరిక్, పెద్దాయనతో సహా అందరూ కూర్చున్నారు. యిక్కెకి ఈ ఘట్టమంటే ప్రాణం. వెసెల్ నోరు విప్పితే చిక్కుముడి దానంతటదే విడిపోతుందని ఆమె నమ్మకం.

"ఫోన్ చేసినవాడికి 'హ' పలకదు," అన్నాడతను. "డీడెరిక్ గారు అలా నటించగలరు. కానీ ఈ బల్ల మీద మూడో కప్పు పెట్టలేరు. ఉన్నది ఇద్దరు. చెప్పకుండా వచ్చే చుట్టానికి మన దేశంలో ఏ ఇంట్లో కప్పు పెడతారు? ఆవిడ వస్తుందని ముందే తెలిసినవాడు పెట్టాడు. పెద్దాయన ఫోన్ ముట్టరు."

మరీనస్ తల ఎత్తలేదు. "నేనే చేశాను. మట్టికి ఉప్పెక్కింది మీనా. దుంప వేస్తే బొటనవేలంత ఊరదు. పరిహారం పుచ్చుకుని బయటపడదామనుకున్నా. వచ్చినప్పుడల్లా నీకు జెండాలు, ఫోటోలు. నీకేం కావాలన్నయ్యా అని ఒక్కనాడైనా అడిగావా?"

"చెప్పొచ్చు కదా!"

"ఎట్లా చెప్పను? నువ్వు దానికోసమే బతుకుతుంటే!"

డీడెరిక్ లేచి నిలబడ్డాడు. "ఇది చాలు! సోమవారం బయటపెడితే నీ పేరు నిలబడుతుంది. ఓటింగు కూడా మళ్లీ అడగొచ్చు."

"మరి అన్నయ్య?"

"కేసవుతుంది. పరిహారం మాట మరిచిపోవాల్సిందే."

వెసెల్ ఈ కేసు ఛేదించకుండా ఉంటే బాగుండేదని యిక్కెకి మొదటిసారి అనిపించింది.

"ఫోన్ చేసిందెవరో తెలియలేదని రాయండి వెసెల్ గారూ," అంది యాకొమీనా.

"మీ జీవితమంతా పోతుందండీ," అన్నాడు వెసెల్.

"అది మంగళవారమే పోయింది."

డీడెరిక్ టోపీ అందుకున్నాడు. "నేను కాఫీకొచ్చాను. అంతే," అన్నాడు.

మాటలు వినపడక ఒక్కొక్కరి ముఖమే చూస్తున్న ముసలాయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "ఏంటే మీనా, అందరూ గొడ్డు చచ్చినట్టు కూర్చున్నారు? పొలం నిలబెట్టావా లేదా?"

ఇన్నాళ్లూ ఆయనకి ఎవరూ చెప్పనేలేదు. ఆవిడ ఆయన చెవి దగ్గరికి వంగింది. "పోయింది నాన్నా. మంగళవారం ఓటుకి నేను వెళ్లలేదు."

"మంగళవారమా? ఆ రోజు ఇక్కడ కూర్చుని కాఫీ తాగావు కదే!"

"అవును నాన్నా."

మరీనస్ ఏదో చెప్పబోయాడు. వద్దన్నట్టు ఆవిడ తల ఊపింది. ముసలాయన ఆవిడ చెయ్యి వదిలేసి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.