తాళం వేసిన హాల్లో సైకిళ్ళు

కొండ మీద ఆ గెస్ట్‌హౌస్‌లో ఎవరైనా దిగొచ్చు. హాయిగా పడుకోవచ్చు, కిటికీ తెరిచి లోయ చూసుకోవచ్చు. కానీ సైకిల్ రేసుకి ముందు రాత్రి మాత్రం, దాని వెనక హాల్లో సైకిలు పెట్టకూడదు.

ఏటా ఇదే తంతు. సాయంత్రం సైకిళ్ళు లోపల పెడతారు. తాళం వేస్తారు. అర్ధరాత్రి దాటాక... ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు. ఎవరో నిట్టూర్చినట్టు. తెల్లారి తలుపు తీస్తే — ఒక సైకిలుకి చైను తెగి ఉంటుంది. లేదా బ్రేకు వైరు. ఒక ఏడాదైతే ముందు చక్రమే మాయం. వెతగ్గా వెతగ్గా మేడ మీద నీళ్ళ ట్యాంకులో తేలింది. తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంటుంది.

మొట్టమొదటి రేసులో ఒకతను లోయలో పడి చచ్చిపోయాడట. తను పూర్తిచేయలేని రేసుని ఇంకెవర్నీ పూర్తిచేయనివ్వడట. అందుకే తెలిసినవాళ్ళెవరూ అక్కడ దిగరని చెప్పుకుంటారు. అయినా రేసు ముందు రాత్రి ఆ గెస్ట్‌హౌస్‌లో ఒక్క గది కూడా ఖాళీ ఉండదు. అదేమిటో మరి.

ఈ సంగతి ఒక ఆస్పత్రి స్టోర్‌కీపర్‌కి జరిగింది. ఆయన చెప్పగా విన్నదే తప్ప ఇందులో నేను కలిపింది లేదు. బీరువాలో ఒక్క దూది ఉండ తగ్గినా రాత్రి నిద్రపట్టని మనిషి ఆయన. కాబట్టి ఆయనా కలిపి ఉండడు.

జట్టులో నలుగురు, నలుగురిదీ ఒకే ఆస్పత్రి. కెప్టెన్ పళ్ళ డాక్టరు. ఎక్స్‌రేలు తీసే ఆయన్ని అందరూ ఎక్స్‌రే అనే పిలుస్తారు. ఫిజియోథెరపీ అమ్మాయి ఒకతె. నాలుగోవాడు అసలైతే కళ్ళ డాక్టరు. సరిగ్గా పదిరోజుల ముందు ఆయనకి నడుం పట్టేసింది. రోజూ సైకిలు మీద డ్యూటీకి వచ్చేది స్టోర్‌కీపర్ ఒక్కడే కనక, ఎలాగూ తొక్కుతాడుగా అని ఆయన పేరు రాసేశారు. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య మూడు కిలోమీటర్లు, చదునైన రోడ్డు. రేసు తొంభై కిలోమీటర్లు. అదీ రాళ్ళ మీద, కొండల మీద, పొద్దు పొడిచింది మొదలు చీకటి పడేదాకా.

ఇంకో మెలిక కూడా ఉంది. నలుగురూ గీత దాటితేనే జట్టు దాటినట్టు. ఒక్కరు మానుకుంటే మిగతావాళ్ళు సరదాకి తొక్కుకోవచ్చు గానీ, జట్టు పేరు కొట్టేస్తారు.

వ్యాన్‌లో ఆరు గంటల ప్రయాణం. పళ్ళ డాక్టరు నోరు మూస్తే ఒట్టు. సీటు కింద గొట్టం మార్పించి సైకిలు బరువు నూట ఇరవై గ్రాములు ఎలా తగ్గించాడో రెండుసార్లు చెప్పాడు. అదే నూట ఇరవై గ్రాములు పొట్ట దగ్గర తగ్గించొచ్చు కదా అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఎక్స్‌రే ఒళ్ళో తొక్కేటప్పుడు ఓపికకని రకరకాల జెల్లు పొట్లాలు, ఏ గంటకి ఏది నోట్లో పిండుకోవాలో ఒక పట్టిక. రుచి చూస్తానంటూ మొదలుపెట్టి కొండ మొదటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు గంటల దాకా పట్టిక పూర్తిచేసేశాడు. ఫిజియో అమ్మాయి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. రెండేళ్ళుగా రోజూ చీకటితో లేచి సాధన చేస్తోంది. ఎక్కడ కూచోబెడితే అక్కడ కునుకు తీయడం అలవాటైపోయింది.

ఘాట్ రోడ్డు ఎక్కుతున్నకొద్దీ మాటలు పలచబడ్డాయి.

ఒక మలుపులో డ్రైవరు వేగం తగ్గించి వేలు చూపించాడు. రేపు మీరు దిగేది ఆ దారేనట. అందరూ అద్దంలోంచి తొంగిచూశారు. గోడకి నిచ్చెన వేసినట్టుంది — నిచ్చెన మాత్రం లేదు.

డాక్టరు సీసా ఎత్తి గడగడా నీళ్ళు తాగాడు. ఎక్స్‌రే సాయంత్రం నాలుగు గంటల పొట్లం చింపాడు. స్టోర్‌కీపర్‌కి కూతురు గుర్తొచ్చింది. మా నాన్న రేసుకెళ్తున్నాడని క్లాసంతా చాటింపు వేసి వచ్చింది ఆ పిల్ల.

గెస్ట్‌హౌస్ చేరేసరికి చీకటి పడింది. ఇంకెక్కడా గదులు దొరకలేదని డాక్టరు ముందే చెప్పాడు. వాచ్‌మన్ ముసలాయన, టార్చిని కింది నుంచి తన గడ్డానికి కొట్టుకుని మరీ చెప్పాడు కథంతా. లోయలో పడినతని సంగతి, తెగిన చైన్ల సంగతి. చివర్న గొంతు తగ్గించి —

"ఏటా ఒక్కటే. ఒక్క సైకిల్నే ముట్టుకుంటాడు."

డాక్టరు పెద్దగా నవ్వాడు. రోజుకి డజను పళ్ళు పీకుతానని, తనని చూస్తే దెయ్యాలే దవడ పట్టుకుని పారిపోతాయని అన్నాడు. నవ్వు అయిపోయాక మాత్రం, ఆ ఒక్కటీ ఎవరిదవుతుందో ముందే తెలిసే వీలుందా అని అడిగాడు.

ఫిజియో అమ్మాయి తన సైకిలు భుజాన వేసుకుని తన గదిలోకి తీసుకుపోయింది. మిగిలిన మూడూ హాల్లో పెట్టారు. వాచ్‌మన్ భార్య తెల్ల శాలువా కప్పుకుని వచ్చి తాళం వేసి వెళ్ళింది.

స్టోర్‌కీపర్ బతుకంతా తాళాలతోనే. ఆ తాళం వేసిన చప్పుడు వినగానే ఆయనకి తెలిసిపోయింది — అది పడలేదు. ఊరికే వేలాడుతోంది, లాగితే వచ్చేస్తుంది. చెబుదామని నోరు తెరిచాడు. ఎందుకో... మూసేశాడు.

పడుకోబోయే ముందు ఫిజియో అమ్మాయి వరండాలోకి వచ్చి ఆయన పక్కన నిలబడింది. పోయినేడూ, అంతకుముందేడూ వేరే జట్లతో వచ్చిందట. రెండుసార్లూ రేసు పొద్దున ఎవరిదో ఒకరి సైకిలు చెడిపోయిందట.

"ఈసారైనా నలుగురం దాటుదాం అన్నయ్యా."

"దాటుదాం" అన్నాడు. ఆ మాట గొంతులోనే ఎక్కడో ఇరుక్కుని, సగమే బయటికొచ్చింది.

అర్ధరాత్రి దాటింది. పక్క మంచం మీద ఎక్స్‌రే గురక. స్టోర్‌కీపర్ కళ్ళు మూస్తే ఆ దారి, తెరిస్తే చీకటి.

మనిషి ఆగిపోతే తప్పు మనిషిది. సైకిలు ఆగిపోతే తప్పు సైకిలుది. ఇక్కడైతే సైకిలుది కూడా కాదు — దెయ్యానిది. ఇన్నేళ్ళుగా ఇంతమంది సైకిళ్ళ పాపం మోస్తోంది, ఇంకొకటి మోయలేకపోతుందా? అమ్మాయి మొహం కళ్ళ ముందు మెదిలింది. పక్కకి తిరిగి పడుకున్నాడు. అటువైపు కూడా ఆ మొహమే కనబడింది.

అయినా లేచాడు. సంచిలోంచి స్పానర్ తీసి జేబులో వేసుకున్నాడు.

చెప్పుల్లేని కాళ్ళకి గచ్చు మంచులా తగిలింది. వరండా చివర మలుపు తిరిగాడు. హాలు తలుపు... తాళం అప్పటికే ఊడి, గొళ్ళేనికి వేలాడుతోంది.

లోపల చప్పుడు.

కిర్... కిర్... కిర్...

తలుపు సందులోంచి చూశాడు. చీకట్లో ఒకే ఒక్క కన్ను. తెల్లగా వెలుగుతోంది. నేలకి మూడడుగుల ఎత్తున గాల్లో వేలాడుతూ, మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. అది వంగి చూస్తున్నది — తన సైకిలు మీదికే.

పారిపోదామనుకున్నాడు. అరుద్దామనుకున్నాడు. చివరికి జేబులోంచి స్పానర్ తీసి పట్టుకున్నాడు.

కిర్... కిర్... ఒక నిట్టూర్పు. ఆ తర్వాత గొంతు. లోతుగా, జోకొడుతున్నట్టు —

"అయిపోయింది... అయిపోయింది... నొప్పేం ఉండదు..."

స్టోర్‌కీపర్ చెవులు రిక్కించాడు. ఆ గొంతు, ఆ మాటలు... ఎక్కడో విన్నాడు. పడుకుని, నోరు తెరుచుకుని విన్నాడు. పోయినేడాది జ్ఞానదంతం పీకించుకున్నప్పుడు.

"డాక్టర్‌గారూ."

కన్ను అదిరిపడి పైకి లేచింది. నుదుటి మీద దీపం కట్టుకుని, మోకాళ్ళ మీద కూచుని, చేతిలో చిన్న ఆకురాయితో పళ్ళ డాక్టరు.

"స్టోరూ... నువ్వా. దెయ్యమేమో అనుకున్నాను."

"అది నా సైకిలండీ."

"తెలుసు" అన్నాడు డాక్టరు. తల దించుకుని, "నాది మరీ ఖరీదైంది. దాని మీద చెయ్యి రాలేదు" అన్నాడు.

స్టోర్‌కీపర్‌కి కోపం రావాలి. వచ్చింది కూడా. అంతలో డాక్టరు నుదుటి దీపం ఆయన చేతిలోని స్పానర్ మీద పడింది. తను చేయబోయిన పనే ఇంకొకరి చేతిలో చూసేసరికి, అది ఎంత నీచంగా ఉందో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది.

వరండాలో అడుగుల చప్పుడు.

డాక్టరు దీపం ఆర్పేశాడు. ఇద్దరూ సైకిళ్ళ వెనక నక్కి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. తలుపు కిర్రుమంది. ఎవరో లోపలికొచ్చారు. చీకట్లో తడుముకుంటూ... ఆగారు. ఊపిరి భారంగా వినబడుతోంది. ఆ తర్వాత —

స్స్స్స్స్...

పాము బుస కొట్టినట్టు. ఆగకుండా. ఆ బుసలోంచి సన్నగా, ఏడుపు కలిసిన గొంతు, "క్షమించవే తల్లీ... క్షమించు..." అంటోంది.

డాక్టరు తట్టుకోలేక దీపం వెలిగించాడు. తన సైకిలు వెనక చక్రాన్నే కావలించుకుని ఎక్స్‌రే. చేతిలో పిన్నీసు.

"గాలి సరిపోయిందో లేదో చూద్దామని" అన్నాడు ఎక్స్‌రే. టైరు మిగిలిన గాలంతా వదిలేసి ఆయన అబద్ధాన్ని బయటపెట్టింది.

మరి గురక పెట్టిందెవరు అని స్టోర్‌కీపర్ అడగబోయాడు. అంతలో తలుపు రెక్కలు రెండూ బార్లా తెరుచుకున్నాయి. గడప మీద తెల్లగా ఒక ఆకారం. తల నుంచి పాదాల దాకా తెలుపే. చేతిలో మసక దీపం.

ముగ్గురూ ఒక్క ముద్దయిపోయారు. ఎక్స్‌రే ఏదో మొక్కుకున్నాడు. డాక్టరు ఎక్స్‌రే వెనక్కి వెళ్ళాడు.

ఆకారం దీపం ఎత్తి, ముగ్గుర్నీ ఒక్కొక్కరినే చూసింది. వాచ్‌మన్ భార్య. మొహంలో ఆశ్చర్యం అన్నది లేదు.

"ఏటా ఒకళ్ళే వచ్చేవాళ్ళు" అంది. "త్వరగా కానివ్వండి బాబూ. పై గది వాళ్ళు బయట చలిలో నిలబడ్డారు."

ఆవిడ వెనక వరండాలో ఇద్దరు మగవాళ్ళు. చేతులు వీపు వెనక పెట్టుకుని, నక్షత్రాలు చూస్తున్నట్టు మెడలు పైకెత్తి నిలబడ్డారు.

పొద్దున్నే డాక్టరు, చచ్చిపోయిన పేషెంటు వార్త చెప్పినంత దిగులుగా, రాత్రి దెయ్యం వచ్చిందని ఫిజియో అమ్మాయికి చెప్పాడు. ఈసారి రెండు సైకిళ్ళు ముట్టుకుందని ఎక్స్‌రే కలిపాడు. ఆ అమ్మాయి ఆకురాయితో నున్నగా కోసిన బ్రేకు వైరు చూసింది. పిన్నీసు పోట్లు చూసింది. దెయ్యాన్ని ఒక్క మాట అనలేదు. మనుషుల్ని కూడా అనలేదు. హెల్మెట్ పెట్టుకుని సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ వెళ్ళడం చూశాక స్టోర్‌కీపర్ ఉండబట్టలేకపోయాడు.

"డాక్టర్‌గారూ, మీ సైకిలు ఇవ్వండి."

"మరి నేను తొక్కొద్దా?"

"తొక్కుతారా?"

డాక్టరు దారివైపు చూశాడు. కొండ కొసన ఆ నిలువు గీత పొద్దుటెండలో ఇంకా నిలువుగా కనబడుతోంది. సైకిలు అప్పగించి, గేర్ల గురించి మాత్రం ఐదు నిమిషాలు పాఠం చెప్పాడు.

స్టోర్‌కీపర్ ఆ రోజు నాలుగుసార్లు పడ్డాడు. ఆ నిటారు దారిని చాలావరకు కూచునే దిగాడు, అదీ సీటు మీద కాదు. ఎత్తుల్లో సైకిలు ఆయన్ని మోసినదానికంటే ఆయన సైకిల్ని మోసిందే ఎక్కువ. బరువు తగ్గించినందుకు దారి పొడుగునా డాక్టర్ని దీవించాడు. చీకట్లో, నిర్వాహకులు తాళ్ళు విప్పి కుర్చీలు వ్యాన్‌లోకి ఎక్కిస్తుండగా గీత దాటాడు. అందరికంటే ఆఖరు. రెండు గంటల ముందే వచ్చేసిన ఫిజియో అమ్మాయి దుప్పటి పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"నీతో నిన్న అబద్ధం చెప్పానమ్మా" అన్నాడాయన, రొప్పుతూ.

"తెలుసన్నయ్యా" అని దుప్పటి ఆయన భుజాల చుట్టూ కప్పింది. "వచ్చేడు ఇద్దరి జట్టుకి కూడా పోటీ ఉంది. పేరిద్దామా?"

ఇద్దామన్నాడు. ఈసారి మాట ఇరుక్కోలేదు.

సంచి తెచ్చుకోవడానికి గెస్ట్‌హౌస్‌కి వెళ్తే వాచ్‌మన్ భార్య చెంబుతో వేణ్ణీళ్ళు ఇచ్చింది. మోకాళ్ళు కడుక్కుంటూ ఆయన మనసులో మాట అడిగేశాడు. ఇంతమంది పిరికితనం తెచ్చి ఆ చచ్చిపోయినతని నెత్తిన రుద్దడం పాపం కదమ్మా అన్నాడు.

ఆవిడ హాలువైపు ఒకసారి చూసి, పక్కకి జరిగి మెల్లగా చెప్పింది.

"లోయలో ఎవరూ పడలేదు బాబూ. మొదటి ఏడాది ఈ కొండ తరఫున మా ఆయన తొక్కాల్సింది. ముందు రాత్రి తనే చైను తెంపుకున్నాడు. పొద్దున అందరూ వచ్చి అడిగితే ఆ కథ చెప్పాడు."

"మీకు తెలుసని ఆయనకి తెలుసా?"

ఆవిడ జవాబు చెప్పబోయింది. ఇంతలో లోపల్నుంచి ముసలాయన గొంతు, వణుకుతూ —

"ఏమేవ్... చీకటి పడ్డాక ఆ హాలు దగ్గర నిలబడొద్దన్నానా. లోపలికి రా."

"వస్తున్నా" అంది ఆవిడ. తర్వాత స్టోర్‌కీపర్ చెవి దగ్గరికి వంగింది.

"ఇప్పుడు నిజంగానే భయపడతాడు బాబూ. ఇన్నేళ్ళలో ఒక్క రాత్రి కూడా ఆ తలుపు దాకా వెళ్ళలేదు. అందుకే తాళం నేను వేస్తాను."