ఒళ్ళు కాగని జ్వరం

ఆ ఉదయం తల్లి మంచం దిగలేదు. పుస్తకాలు బైండింగు చేసే మనిషి. ఏడాదిగా కీళ్ళవాపుకు మాత్ర వేసుకుంటోంది. వాపు దిగి, సూది మళ్ళీ వేళ్ళకు దక్కింది.

"చలేస్తోందే," అంది దుప్పట్లోంచి.

కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. కాసేపట్లో రిజిస్ట్రారు ఆఫీసులో ఆమె పెళ్ళి, లిఫ్టులు బాగుచేసే అబ్బాయితో. తల్లికి ఆ సంబంధం మింగుడు పడలేదు. అయినా సాక్షి సంతకానికి వస్తానని మాటిచ్చింది.

కూతురు థర్మామీటరు పెట్టి చూసింది. మామూలుగానే ఉంది.

"జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఇదంతా పెళ్ళి ఆపడానికేగా?"

"చలేస్తోందన్నాను."

"నిన్నటిదాకా లేని చలి ఇవాళే పుట్టుకొచ్చిందా? నీ నాటకాలు నాకు తెలీవా! రాకపోతే మానెయ్. పక్కింటావిడ పెడుతుంది సంతకం!"

తల్లి గోడవైపు తిరిగింది. ఆయాసానికి దుప్పటి ఎగిరెగిరి పడుతోంది.

వంటింట్లోంచి తండ్రి వచ్చాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆయన గొంతు ఇంట్లో వినపడేదే తక్కువ. టీ గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"నోర్ముయ్! ఆ మాత్ర సంగతి నాకు విడమర్చి చెప్పింది ఎవరే? నువ్వు కాదూ?"

కూతురికి గుర్తొచ్చింది. నిజమే. డాక్టరు దగ్గర్నుంచి వచ్చి తనే చెప్పింది. ఒంట్లో కాపలా కణాలు ఒకదాన్నొకటి కేకేసుకుంటాయనీ, ఆ కేకను కణం లోపలికి మోసే ప్రొటీనును ఈ మాత్ర అడ్డుకుంటుందనీ, అందుకే వాపు దిగుతుందనీ. ఆ కేక అందకపోతే జబ్బు చేసినా ఒళ్ళు కాగకపోవచ్చనీ.

"చెప్పిన నోటితోనే నాటకమంటావా? దాని ఊపిరి చూడు!"

పెళ్ళికని పిలిచిన కారు ఆసుపత్రికి మళ్ళింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. మాత్ర ఆపించారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు.

సాయంత్రం తల్లి కళ్ళు తెరిచింది. పక్కన కూతురు వెక్కుతోంది.

"తప్పయిపోయిందమ్మా. నీకు నా మీద కోపమనుకున్నాను."

"కోపం లేదని ఎవరన్నారు? బోలెడుంది. కోపమొస్తే కోపమనే చెప్తానే. చలేస్తే చలేస్తోందనే చెప్తాను. నీకు నా మాట కంటే ఆ గాజుముక్క ఎక్కువైపోయింది."

కూతురు ఇంకా గట్టిగా ఏడ్చింది.

"ఆ ఏడుపాపు. నేను లేచాకే పెళ్ళి. సంతకం నాది. పక్కింటావిడెవరే మధ్యలో?"

నర్సు థర్మామీటరు పెట్టి, చూసి, బాగానే ఉందంది. కూతురు అటు చూడలేదు. తల్లి మీదికి వంగింది.

"చలేస్తోందా అమ్మా?"

"కాస్త."

కూతురు లేచి ఇంకో దుప్పటి కప్పింది.