అరవై ఒకటో పేజీ

ఆ పరిశోధనాలయం క్యాంటీన్లో శాస్త్రవేత్తలు క్రికెట్ గురించి మాట్లాడుకునేవాళ్లు, ఎండల గురించి మాట్లాడుకునేవాళ్లు, సాంబారులో ఉప్పు గురించి అరగంట వాదించుకునేవాళ్లు. పరిశోధన గురించి మాత్రం పెదవి విప్పేవాళ్లు కాదు. నోరు జారితే ఆలోచన పక్కవాళ్ల పేరు మీదికి పోతుందని భయం. 2083 మరి. వాటాదర్శిని వచ్చి అప్పటికి పంతొమ్మిదేళ్లయింది.

వాటాదర్శిని అంటే బీరువా అంత యంత్రం. పరిశోధకుల నోటుపుస్తకాలు దాని ముందు పెడితే, ఒక్కో పేజీ మీది సిరా పొరలన్నీ స్కాన్ చేసి, ఏ ఆలోచన ఎవరిదో తేల్చి చెబుతుంది. కంప్యూటర్లో రాతలు మార్చినా జాడ దొరకడం లేదని, దీనికోసమే మళ్లీ కాగితాలూ కలాలూ తెచ్చారు. ఎవరికి తట్టిన ఆలోచన పక్కన వాళ్ల పొడి అక్షరం వేయాలి. దర్శిని ధ్రువపత్రం లేనిదే పత్రం అచ్చు కాదు, మందు రోగి దాకా పోదు.

ఇంత కట్టడిలోనూ కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరు మాత్రం నోటికొచ్చిందల్లా మాట్లాడుకునేవాళ్లు. డాక్టర్ చిలుకూరి వనజాక్షి, డాక్టర్ దారా ఇస్రాయేలు. నలభై ఒక్క ఏళ్లుగా ఒకే ప్రయోగశాల. కలిసి రాసిన పత్రాలు నూట పదిహేడు. ఇప్పటికీ ఒకరినొకరు ‘గారూ’ అనే పిలుచుకుంటారు, ‘అండీ’ అంటూనే పోట్లాడుకుంటారు.

నూట పద్దెనిమిదోది వాళ్ల జీవితం మొత్తానికి పెద్ద పత్రం. క్లోమ కేన్సర్‌కు మందిస్తే కొన్ని కణాలు నిద్రలోకి జారుకుని తప్పించుకుంటాయి, మందు ఆపాక లేస్తాయి. వాటిని ముందు నిద్రలేపి, అప్పుడు మందివ్వాలన్నది అందులోని విషయం. ఎదురుగా ఆసుపత్రిలో నలభై ముగ్గురు రోగులు సోమవారం మొదటి మోతాదు కోసం కాచుకుని ఉన్నారు. శుక్రవారం పొద్దున దర్శిని తీర్పు వచ్చింది.

“అరవై ఒకటో పేజీలో దిద్దుబాటు. పత్రం నిలిపివేయడమైనది.”

ఆ దిద్దుబాటు వనజాక్షిదే. పదేళ్ల కిందట ఇస్రాయేలు భార్య పోయింది. ఏడాదిపాటు ఆయన మనిషి కాలేకపోయాడు. పని చేయడం లేదని తీసేస్తారన్న మాట ఆమె చెవిన పడింది. ఆ సాయంత్రమే, నిద్రలేపాలన్న ఆలోచన పక్కన ఉన్న తన ‘వ’ బ్లేడుతో గీకేసి ‘ఇ’ అని వేసింది. ఆ ఒక్క అక్షరం ఇప్పుడు నలభై ముగ్గురికి అడ్డం పడింది.

పరుగులాంటి నడకతో దర్శిని గదికి వెళ్తే, ఇస్రాయేలు అప్పటికే అక్కడ తలొంచుకుని నిలబడి ఉన్నాడు.

“ఆ పేజీ దిద్దింది నేనే,” అంది వనజాక్షి.

“ఆయనా తనే దిద్దానని చెప్పారు,” అంది దర్శిని. “ఆ పేజీని నాలుగుసార్లు దిద్దారు. రెండుసార్లు ఇ, రెండుసార్లు వ. కాగితం చిల్లు పడింది. ఏది ముందో, ఏది తర్వాతో, అసలు మొదట ఏ అక్షరం ఉందో చదవలేకపోతున్నాను.”

ఆమె ఇస్రాయేలు వైపు తిరిగింది. “ఏంటండీ ఇది?”

“ఆ ఆలోచన మీదని నాకు తెలుసు కదండీ. పక్కన నా అక్షరం ఉంటే, పొరపాటున నేనే వేసుకున్నాననుకుని దిద్దాను. నెల తర్వాత చూస్తే మళ్లీ నాదే ఉంది. మతి పోతోందేమోనని తల స్కానింగ్ కూడా తీయించుకున్నాను.”

“అయ్యో, నా అక్షరమే మళ్లీ కనపడితే నేనూ తీయించుకున్నానండీ,” అంది ఆమె. వెంటనే కోపం వచ్చింది. “అయినా పెద్దమనిషి అనుకున్నాను మిమ్మల్ని. నోటుపుస్తకంలో దొంగరాతలా?”

తను చేసిందేమిటో ఆ క్షణాన ఆమెకు గుర్తు రాలేదు.

“ఇంతవరకూ రెండువేల మూడువందల దిద్దుబాట్లు పట్టుకున్నాను,” అంది దర్శిని. “అన్నిట్లోనూ దిద్దినవాళ్లు వేసుకున్నది తమ పేరే. నియమాలు అలాంటివాళ్ల కోసం రాసినవి. మీలో ఒకరు ఆలోచన తమదని చెబితే, పత్రం వాళ్లది. రెండోవాళ్లు దొంగ, వాళ్లకిక్కడ చోటు ఉండదు. ఇద్దరూ చెప్పకపోతే అది ఎవరిదీ కాని పత్రం. మందు రెండు విధాలా సోమవారమే ఇవ్వవచ్చు. కానీ ఎవరిదీ కాకపోతే దాని మీద ఎవరి పేరూ ఉండదు. ఈ రెండో దారిలో ఇంతవరకూ ఎవరూ వెళ్లలేదు.”

“మీదేనని చెప్పేయండి వనజాక్షి గారూ,” అన్నాడు ఇస్రాయేలు. “నేనెలాగూ ఏడాదిలో రిటైరయ్యేవాణ్నే.”

వనజాక్షికి అంతా గుర్తుంది. క్యాంటీన్లో ఉప్మా చల్లారిపోతుంటే, “పడుకున్నవాటిని లేపకుండా కొడితే ఏం లాభమండీ?” అని తనే అంది. నలభై ఒక్క ఏళ్ల చాకిరీలో లోకం గుర్తుపెట్టుకునేది ఆ ఒక్క మాటనే. దాని పక్కన తన పేరు ఉండాలని ఎంత ఆశ ఉందో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

“నాకు గుర్తు లేదు,” అంది.

“నాకూ గుర్తు లేదు,” అన్నాడు ఇస్రాయేలు.

“ఇద్దరి గొంతులూ వణికాయి. అబద్ధమని నా అంచనా,” అంది దర్శిని. “కానీ ఈ అబద్ధం వల్ల చెప్పినవాళ్లకు ఏమీ దక్కడం లేదు. ఇలాంటిదాన్ని ఏమనాలో నాకు నేర్పలేదు.” ధ్రువపత్రం బయటికి వచ్చింది. పేర్ల గడి ఖాళీగా ఉంది.

సోమవారం పదింటికి మొదటి రోగికి సూది వేశారు. వాళ్లిద్దరూ కిటికీ పక్క బల్ల దగ్గర టీ తాగుతూ ఎదురుగా ఉన్న ఆసుపత్రినే చూస్తున్నారు.

“లేపిన కణం మళ్లీ నిద్రపోతే ఏం చేద్దామండీ?” అన్నాడు ఇస్రాయేలు. “నాకొకటి తోస్తోంది.”

పక్క బల్లవాళ్లు క్రికెట్ ఆపేశారు. ఒకామె మెల్లగా కలం తీసింది.

వనజాక్షి అది చూసింది. ఆయన వాళ్లకు కనిపించేలా తన కుర్చీ పక్కకు జరుపుకుంది.

“కాస్త గట్టిగా చెప్పండి ఇస్రాయేలు గారూ,” అంది. “వాళ్లకీ వినపడాలి.”