‘అది’ అంటే ఏది?

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది అత్తగారు. ఆవిడ తరువాత ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరంటే పోలీసాయన కాదు, ముందుగది గాజుతొట్టిలో తిరిగే నారింజరంగు చారల చేప. వచ్చినవాళ్ళనల్లా ఎగాదిగా చూస్తుందని ఆవిడే ఆ పేరు పెట్టింది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక, తోచక పెట్టుకున్న తొట్టి అది. మూడు బకెట్ల ఉప్పునీళ్ళు, నాలుగు రాళ్ళు, వాటిమీద పువ్వుల్లా విచ్చుకునే పగడాలు. అంతే ఆవిడ లోకం.

మూడు వారాలుగా ఆ లోకానికి చీడ పట్టింది. తుప్పురంగులో, గోటి చివరంత, కాగితంలా పలచటి పురుగులు. పగడాల మీద దుప్పటిలా పరుచుకుపోయి వాటికి వెలుతురు అందనివ్వడం లేదు. కొత్త పగడపు ముక్క ఏది తెచ్చినా ముందు మందునీళ్ళలో ముంచి, కొన్నాళ్ళు వేరే గిన్నెలో ఉంచి చూశాకే తొట్టిలో పెట్టాలి. లిఫ్టులు బాగుచేసే ఆవిడ కొడుక్కి ఆ సంగతి తెలిస్తే కదా! అమ్మ పుట్టినరోజని ఆకుపచ్చ ముక్క ఒకటి కొనుక్కొచ్చి, చొక్కా చేతులు మడిచి, నేరుగా నీళ్ళలో పెట్టేశాడు. పురుగులు దాంతోనే వచ్చాయి. వాడి మొహంలో సంబరం చూసి ఆవిడ పల్లెత్తు మాట అనలేదు.

మంగళవారం పొద్దున కోడలు టీ కప్పుతో ముందుగదిలోకి రాబోతూ తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల అత్తగారు తన అక్కతో ఫోన్లో మాట్లాడుతోంది.

“ఏం చెప్పమంటావక్కా! మావాడు ముచ్చటపడి తెచ్చాడు. కాదంటే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నా. అది పైకి చూస్తే బంగారం. తీరా చూస్తే దాని వెనకాలే పీడ కూడా వచ్చి చేరింది. తెచ్చిన రోజే బయట పెట్టి, నాలుగు రోజులు చూసి లోపలికి రానివ్వాల్సింది. బుద్ధి లేక రానిచ్చా. ఆదివారం వాడు డ్యూటీకి వెళ్ళాక దాని సంగతి తేలుస్తా.”

కప్పులో టీ తొణికి కోడలి వేళ్ళమీద పడింది. ఆమె ఆ ఇంటికొచ్చి అయిదు నెలలు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఉద్యోగం. పక్కవీధి బేకరీలో పని నేర్చుకుంటున్న ఆమె చెల్లెలు నెలరోజులుగా ఇక్కడే, చిన్నగదిలో ఉంటోంది. ముచ్చటపడి తెచ్చింది తనని. వెనకాలే వచ్చిన పీడ చెల్లెలు. ఇంకా విడమరిచి చెప్పాలా?

“నువ్వు సరిగ్గా విన్నావా అక్కా?” అంది చెల్లెలు, అంతా విన్నాక.

“నా చెవులకేం? నిక్షేపంలా ఉన్నాయి. ‘అది’ అందే, నన్ను! నిన్నేమో పీడ అంది!”

మొగుణ్ణి కదిపి చూసింది. “మీ అమ్మకి నేనంటే ఎలా ఉంది?”

“అమ్మకా? అమ్మకి ఆ చేప తప్ప లోకంలో ఇంకేం పడుతుంది!” అని నవ్వేసి, స్పానర్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు మహానుభావుడు.

ఆ నాలుగు రోజులూ కోడలు టీ కప్పు బల్లమీద ఠక్కున పెట్టి వెళ్ళిపోయేది. అత్తగారు చూస్తే గదా! ఆవిడ సన్నటి గొట్టంతో పురుగుల్ని నీళ్ళతో సహా లాగి సీసాలోకి తీస్తూ కూర్చునేది. మందు వేస్తే ఒక్కపూటలో చస్తాయి. కానీ చచ్చిన పురుగు విషం కక్కుతుంది, ఆ విషానికి చేప పోతుంది. అందుకని ముందు తీసినన్ని తీసి, తరువాతే మందు.

ఆదివారం కొడుకు అలా డ్యూటీకి వెళ్ళగానే ఆవిడ లెక్కపెట్టి మందు చుక్కలు వేసింది. గంట తిరగకముందే పురుగులు రాలడం మొదలైంది. ఆవిడ తీశాననుకున్న వాటికంటే రాళ్ళ కింద దాక్కున్నవే ఎక్కువ. నీళ్ళు కలకబారాయి. ఇన్‌స్పెక్టరు ఒక పక్కకి ఒరిగిపోయి, నోరు తెరిచి ఎగశ్వాస పీల్చసాగింది. కొత్త ఉప్పునీళ్ళ బకెట్లు వంటింట్లో ఉన్నాయి. ఆవిడకా నడుం వంగదు.

సరిగ్గా అప్పుడే చిన్నగది తలుపు తెరుచుకుంది. ముందు పెట్టెతో కోడలు, వెనకాల సంచీతో చెల్లెలు.

“మీరు నా సంగతి తేల్చక్కర్లేదు అత్తయ్యా. నేనే పోతున్నా.”

“పోతావా? ఎక్కడికి? ఇదిగో, ముందు ఆ బకెట్...”

“బయట పెట్టి చూసి రానివ్వాల్సింది అన్నారుగా! పైకి బంగారం, వెనకాల పీడ అన్నారుగా! నన్నేమైనా అనండి, పడతాను. తల్లి లేని పిల్ల, నా చెల్లెలు మీకేం చేసింది?”

అత్తగారు గొట్టం పట్టుకుని అలాగే కొయ్యబారిపోయింది. తరువాత తడి వేలితో తొట్టి గాజుమీద టకటకా కొట్టింది.

“అది! ఆ ఆకుపచ్చది! మావాడు తెచ్చిన ముక్క! నా రాత కాకపోతే, నేను నిన్నంటానా ఆ మాట?”

చెల్లెలు తొట్టిలోకి చూసింది, అక్కను చూసింది, ఫక్కున నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతలోనే, “అక్కా, చేప!” అని కేక పెట్టింది.

కోడలు పెట్టె వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది. చెల్లెలు పాడైన నీళ్ళు తోడుతుంటే ఆమె కొత్త నీళ్ళు మోసుకొచ్చి పోసింది. అత్తగారు విషం పీల్చే బొగ్గు సంచి మార్చింది. ఒకటి, రెండు, మూడు బకెట్లు. గదంతా తడి, చీర కుచ్చిళ్ళు తడి. చాలాసేపటికి ఇన్‌స్పెక్టరు మెల్లగా నిటారుగా తిరిగి, ముగ్గురినీ ఎగాదిగా చూసింది.

అత్తగారు తడినేలమీదే కూలబడింది. “అంత మాట నిన్నన్నానని ఎలా అనుకున్నావే?”

“ఎలా అనుకోను?” కోడలు కళ్ళు తుడుచుకుంది. “అయిదు నెలల్లో ఒక్కసారైనా నన్ను పిలిచారా? ‘ఇదిగో’ అంటారు, ‘వింటున్నావా’ అంటారు. పేరు లేదు, వరస లేదు. ‘అది’ అన్నారంటే నమ్మక ఏం చేస్తాను?”

ఆవిడ తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంది.

“వార్డులో రోగుల్ని మంచం నంబరుతో పిలిచేవాళ్ళం. పేరుతో పిలిస్తే మనిషి మనసుకి దగ్గరైపోతుంది, పోయిన రోజున అన్నం సహించదని మా పెద్ద నర్సమ్మ చెప్పింది. ముప్పై ఏళ్ళు అదే అలవాటు. నువ్వొచ్చాక కూడా నోరు రాలేదు.”

“చేపకి పేరు పెట్టారుగా,” అంది చెల్లెలు ఉండబట్టలేక.

“చేప పెట్టె సర్దుకుని పోదు కదే!” అని అత్తగారు భోరుమంది. కోడలు పక్కనే కూర్చుని ఆవిడ తడిచేతులు తన ఒళ్ళోకి తీసుకుంది. అయిదు నెలల్లో ఆ చేతులు పట్టుకోవడం అదే మొదటిసారి.

బల్లమీద ఫోను మోగింది. కొడుకు.

“అమ్మా, అది ఎలా ఉంది?”

“ఏదిరా? పేరు పెట్టి అడుగు, వెధవా! ఈ ఇంట్లో ఇకమీదట ఎవడైనా ‘అది’ అన్నాడంటే వీపు చీరేస్తా!” అని ఠపీమని పెట్టేసింది.

తరువాత కొంగుతో మొహం తుడుచుకుని, గోడ పట్టుకుని లేచింది. తొట్టి అడుగున చచ్చిన పురుగులు ఇంకా మిగిలే ఉన్నాయి. గొట్టం ఒక కొస తను పట్టుకుని, రెండోది చాపింది.

“అమ్మడూ, ఇలా పట్టుకో.”

కోడలు వెనక్కి తిరిగి చెల్లెల్ని చూసింది.

“దాన్ని కాదు,” అంది అత్తగారు. అని, నాలిక్కరుచుకుంది. “చిన్నమ్మడిని కాదు. నిన్నే.”