గోడ చెప్పిన నంబరు

సుల్తాన్‌పూర్ కంపెనీ బస్సు బీరంగూడ కమాన్ దగ్గర ఆగేసరికి ఇంకా పొద్దు ఉంది. ముసురు మాత్రం పొద్దుటి నుంచీ వదల్లేదు. రవళి చున్నీ నెత్తిన కప్పుకుని దిగింది. తోపుడు బండి దగ్గర ఆలుగడ్డలు కొన్నది. నీళ్లు నిలిచిన గుంతలు తప్పించుకుంటూ గల్లీలోకి నడిచింది. రోజూ చేసే పనే.

రవళి సిరంజీలు ప్యాక్ చేసే హాల్లో పనిచేస్తుంది. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, లాకర్లో పెట్టి వెళ్లాలి. ఆ రోజు చార్జింగ్ అయిపోయి లాకర్లోనే ఫోన్ ఆఫ్ అయిపోయింది. ఇంటికొచ్చి చార్జింగ్ పెట్టి, స్విచ్ నొక్కి, పొయ్యి మీద చాయ్ పెట్టింది. ఫోన్ వెలిగింది. ఆఫ్ అయి లేచిన ఫోన్ కదా, వేలిముద్ర ఒప్పుకోలేదు, నంబరు అడిగింది.

రవళి బొటనవేలు అద్దం మీదికి పోయి ఆగిపోయింది.

మర్చిపోయిన మాట నాలుక చివర్న ఆడుతుంటుంది, కాసేపటికి వస్తుంది. ఇది అట్లా లేదు. పన్ను ఊడిన చోట నాలుక పెట్టినట్టుంది. అక్కడ ఏమీ లేదు. రోజుకు ఎన్నోసార్లు కొట్టే నాలుగంకెలు, చూడకుండా కొట్టే అంకెలు... మొదటిది ఏదో కూడా తెలియడం లేదు.

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది.

భర్త సాయికిరణ్ వచ్చాక ఇద్దరూ కూర్చుని తెలిసినవన్నీ కొట్టి చూశారు. పెళ్లి రోజు, పుట్టిన రోజులు, బండి నంబరు. తప్పు పడిన కొద్దీ ఫోన్ ఇంకా ఎక్కువసేపు ఆగమంటోంది.

"గింత పరేషాన్ ఎందుకే?" అన్నాడు అతను. "రేపు జైపాల్ దుకాణంల ఇద్దాం. తెరుస్తడు."

కమాన్ దగ్గర మొబైల్ దుకాణం జైపాల్‌ది. ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"తెరుస్త అక్కా. కానీ రీసెట్ కొట్టాలె. కొడితే లోపటియి అన్ని పోతయి. ఫొటోలు, మెసేజ్‌లు, ఒక్కటి మిగల్దు."

"వేరే తొవ్వ లేదా?"

"బ్యాకప్ పెట్టుకున్నవా?"

"అదేందో నాకు తెల్వదు."

"ఇగ యాదికి తెచ్చుకునుడే అక్కా. నంబరు నీ తలకాయలనే ఉంటది, యాడికి పోతది?"

రవళి రీసెట్ కొట్టనివ్వలేదు. ఆ ఫోన్లో వాళ్లమ్మ ఉంది.

అమ్మ పేరు బక్కమ్మ. కంది అనే ఊరి అవతల పల్లెలో బతుకంతా కూలికి పోయింది. చదువు రాదు. పచ్చ బొమ్మ నొక్కి, మైకు మీద వేలు అదిమి పట్టి మాట్లాడడం రవళే నేర్పింది. అప్పటి నుంచి రోజూ అమ్మ గొంతు వచ్చేది. తిన్నవా బిడ్డా, వానల తడవకు, అల్లుడు మంచిగున్నడా. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం అమ్మ తన ఇంటి గడపలో కూలబడి చనిపోయి ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. గుండె ఆగిందన్నారు. ఆ సాయంత్రం రవళి రెండో షిఫ్టులో ఉంది, ఫోన్ లాకర్లో ఉంది. బయటికి వచ్చి చూసుకుంటే అమ్మ దగ్గర్నుంచి ఒక మెసేజి. అంతకంటే ముందే ఊరి నుంచి కంపెనీకి కబురు వచ్చేసింది.

ఆ ఒక్క మెసేజి రవళి వినలేదు. వింటే అమ్మ మాట అయిపోతుంది. వినకపోతే ఇంకా చెప్పాల్సింది మిగిలి ఉన్నట్టు... అట్లాగే దాచుకుంది. ఇప్పుడు ఆ అద్దం వెనక చిక్కుకుంది.

వారం తిరిగింది. పనిలో, బస్సులో, పడుకున్నా అదే ధ్యాస. వేళ్లతో గాల్లో అంకెలు కొడుతుంటే పక్క సీటావిడ వింతగా చూసేది. నంబరు రాలేదు.

ఆ శనివారం సాయికిరణ్ రెండో షిఫ్టుకు పోయాడు. రవళి ఇల్లు చేరేసరికి వాన పెద్దదయింది. వాళ్లుండేది వెనక వరసలో రెండు పోర్షన్లలో ఒకటి. పక్క పోర్షన్‌లో ఉన్న ఒడిశా పిల్లలు పని మానేసి ఊరికి పోయారు, దానికి తాళం పడింది. రెండింటికీ నడుమ ఒకటే గోడ. ఇంటి ఓనరు రాధమ్మ ముందు ఇంట్లో ఉంటుంది, మంచిది, కూరలు పంపుతుంది.

దీపం పెట్టే వేళకు కరెంటు పోయింది.

రవళి కొవ్వొత్తి వెలిగించి, గోడకు ఆనుకుని చాప మీద కూర్చుంది. ఫోన్‌లో చార్జింగ్ ఉంది. వెలిగించింది. నాలుగు ఖాళీ చుక్కలు. రేకుల మీద వాన ఒకే తీరుగా మోగుతోంది. ఈ దిక్కున వాన పడితే ఫ్యాక్టరీల నుంచి ఘాటు వాసన ఒకటి వస్తుంది, ముక్కు మండుతుంది, అందరికీ అలవాటే. ఆ సాయంత్రం అది రాలేదు. వేరే వాసన వచ్చింది. కట్టెల పొయ్యి పొగ... తడిసిన జొన్న చొప్ప... కొబ్బరి నూనె. అమ్మ కొంగు వాసన.

రవళి ఊపిరి బిగపట్టింది.

ఆమె వీపు వెనక, గోడ అవతల, ఎవరో కొట్టారు.

టక్. టక్. టక్.

ఆగింది.

వేలి ఎముకతో కొట్టిన చప్పుడు. గట్టిగా కాదు. చిన్నప్పుడు రవళి బడికి లేవకపోతే అమ్మ అవతలి అర్రలోంచి గోడ మీద అట్లాగే కొట్టేది. కోపం లేకుండా, లే బిడ్డా అన్నట్టు.

మళ్లీ మొదలైంది. ఈసారి ఎక్కువ. తనకు తెలియకుండానే రవళి పెదవులు లెక్కపెట్టాయి. ఏడు. ఆగింది. తర్వాత ఒకటే ఒకటి. మళ్లీ ఆగింది. తర్వాత నాలుగు.

తర్వాత ఏమీ లేదు. వాన ఒక్కటే.

"అమ్మా..." అంది రవళి, గుసగుసగా.

గోడ అవతల ఏదో సర్దుకుని కూర్చున్నట్టు చిన్న రాపిడి.

ఆమె వేలు అంకెల మీదికి పోయింది. మూడు. ఏడు. ఒకటి. నాలుగు.

ఫోన్ తెరుచుకుంది.

రవళికి ఏడుపొచ్చింది. సంతోషంతో గోడకు చెంప ఆనించింది. గోడ చల్లగా ఉంది, చెమ్మగా ఉంది. చచ్చిపోయీ బిడ్డ కష్టం చూడలేక వచ్చింది అమ్మ. ఇంక దాచుకోవడం ఎందుకు? నంబరు మళ్లీ పోతే మెసేజీ పోతుంది. అమ్మ పేరు తెరిచి, వినని ఆ మెసేజి నొక్కింది.

ముందు ఊపిరి చప్పుడు. తర్వాత అమ్మ గొంతు... రోజూ వినిపించే గొంతు కాదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.

"బిడ్డా రవళీ... మెల్లగ మాట్లాడుతున్న. గట్టిగ మాట్లాడితే ఇంటది."

రవళి చెంప గోడ మీద అట్లాగే ఉండిపోయింది.

"మొన్న పెట్టె తాళంచెవి యాడ వెట్టిన్నో మతికి లేకుంట పోయింది. నీ పెండ్లికంటే ముందుకెల్లి ఒక్క కాడనే వెడ్తున్న బిడ్డా. గసొంటిది ఎట్ల మతికి పోతది? ఎంత ఎతికినా దొరకలే. ఇగ మాపటేళ గోడల సప్పుడయింది. సచ్చిపోయిన మా అవ్వ కొట్టినట్టే కొట్టింది. అవ్వనే అనుకున్న. కొట్టినకాడ ఎతికిన. దొరికింది."

మెసేజిలో ఎక్కడో కుక్క అరిచింది, ఆ అరుపు సగంలో ఆగింది.

"గది మా అవ్వ గాదు బిడ్డా."

కొవ్వొత్తి మంట కదిలింది. కిటికీ మూసే ఉంది.

"మతిలది అదే తీస్కపోతది. మల్ల అదే ఇస్తది. ఇచ్చినంక అడుగుతది. తలుపు తియ్యమంటది... రెండు దినాల సంది అడుగుతున్నది. నీకు ఎన్నడన్న గిట్లయితే, పోయింది పోనియ్యి. ఎంత ముద్దుదైనా పోనియ్యి. గోడ దిక్కు చెవు వెట్టకు."

రవళి మెల్లగా చెంప వెనక్కి తీసింది. గోడ ఇప్పుడు చల్లగా లేదు. తను ఆనుకున్న చోట వెచ్చగా ఉంది. ఆమె చెంప వేడి కంటే ఎక్కువ వెచ్చగా.

మెసేజి అయిపోలేదు. అందులో తలుపు మీద ఎవరో కొట్టారు.

"ఎవరూ?" అంది అమ్మ.

ఏదో మాట. సరిగా వినపడలేదు. అంతే, అమ్మ గొంతులో భయమంతా పోయింది. నవ్వుతోంది.

"అరే, నువ్వా! గింత జల్దీ వచ్చినవేంది? వానల తడిసి... ఆగు, ఆగు, గడియ తీస్త."

అడుగుల చప్పుడు దూరం పోయింది. గడియ జారింది. తలుపు కిర్రుమంది. తర్వాత ఎంతకీ ఏమీ లేదు. ఫోన్ కింద పడి ఉంటుందనుకుంది రవళి. అప్పుడు ఫోన్‌కు బాగా దగ్గరగా, నోరు ఆనించినంత దగ్గరగా, ఒక గొంతు మెల్లగా అంది.

"ఆఁ... వచ్చిన."

మైకు మీది నుంచి ఎవరో వేలు తీసినట్టు టక్కున ఆగిపోయింది.

అది రవళి గొంతు.

ఆ సాయంత్రం తను కంపెనీలో ఉంది. నెత్తికి టోపీ, మూతికి మాస్కు, చుట్టూ మనుషులు. ఆ ఊళ్లో లేదు. ఆ తలుపు కొట్టలేదు.

వాన తగ్గింది. ఆ తగ్గిన చప్పుడులో రవళికి తన గుండె వినిపించింది. గోడ అవతల రాపిడి మొదలైంది. గోడ పొడవునా జరుగుతోంది... మూల దాకా వచ్చింది... మూల తిరిగింది. ఇప్పుడు అది పక్క పోర్షన్‌లో లేదు. బయట, మెట్టు మీద ఉంది.

టక్. టక్. టక్.

"రవళీ."

సాయికిరణ్ గొంతు.

"నేనే. జల్దీ వదిలిపెట్టిర్రు. తలుపు తియ్యి, తడిసి ముద్దయిన."

ఆమె లేచింది. తనకే తెలియకుండా చెయ్యి గడియ మీదికి పోయింది. అంత సొంత గొంతు అది. అలసిపోయి, కాస్త విసుగ్గా, ఆకలి మీద ఉన్న మొగుడి గొంతు. ఇనుప గడియ వేళ్లకు తగిలాక ఆగింది.

"బండి సప్పుడు రాలే?" అంది.

జవాబు లేదు.

"ఏ దిక్కుకెల్లి వచ్చినవ్?"

తలుపు కింది సందులోంచి కట్టెల పొగ వాసన లోపలికి వస్తోంది. చాలాసేపటికి, అదే గొంతు, అదే విసుగు, అక్షరం తేడా లేకుండా...

"నేనే. జల్దీ వదిలిపెట్టిర్రు. తలుపు తియ్యి, తడిసి ముద్దయిన."

రవళి గడియ మీది నుంచి చెయ్యి తీసేసి, అర్ర నడుమకు వచ్చి, ఏ గోడా తగలకుండా మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. చెవులు మూసుకుంది. కొవ్వొత్తి అయిపోయింది. అది ఎన్నిసార్లు పిలిచిందో తెలియదు.

కరెంటు వచ్చింది. ఆ తర్వాత చాలాసేపటికి గల్లీలో బండి చప్పుడయింది. సాయికిరణ్ పిలిచాడు, తలుపు బాదాడు. రవళి తియ్యలేదు. అతను భయపడి ముందింటికి పోయి రాధమ్మను లేపుకొచ్చాడు. రాధమ్మ కిటికీ రెక్క తోసి, ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి, "బిడ్డా, నా చెయ్యి వట్టుకో, ఏడువకు" అంది. ఆ ముసలి చెయ్యి పట్టుకుని, గాజులు తడిమి చూసి, అప్పుడు తీసింది గడియ.

ఆ రాత్రి ముందింట్లోనే కూర్చున్నారు. రవళి ఫోన్ సాయికిరణ్ చేతికిచ్చింది. అతను మెసేజి నొక్కాడు, రాధమ్మ కూడా దగ్గరికి జరిగి విన్నది. చివరి మాట దగ్గర సాయికిరణ్ చెయ్యి జారి ఫోన్ చాప మీద పడింది.

"గది నా గొంతు గదా?" అంది రవళి.

అతను ఆమె దిక్కు వింతగా చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. రాధమ్మ లేచి దేవుడి దగ్గర దీపం పెట్టింది.

తెల్లారి జైపాల్ దుకాణం తెరవగానే సాయికిరణ్ ఫోన్ ముందు పెట్టాడు. "రీసెట్ కొట్టు."

"నంబరు దొరికినట్టుంది గదనే?"

"కొట్టు తమ్మీ."

రవళి అడ్డు చెప్పలేదు. అద్దం నల్లబడి మళ్లీ వెలిగేదాకా చూస్తూ నిలబడింది. అమ్మ మాటలన్నీ పోయాయి. తిన్నవా బిడ్డా కూడా పోయింది. దుకాణం ముందే కూలబడి, అమ్మ పోయిన రోజు ఏడ్చిన దానికంటే ఎక్కువ ఏడ్చింది.

పటేల్‌గూడలో ఇల్లు చూసుకున్నారు. చుట్టూ ఖాళీ జాగా, ఏ ఇంటి గోడా ఆనదు. సామాను ఎక్కించిన ఆటో గల్లీ మలుపు దగ్గర ఆగి ఉంది. రవళి చెప్పి పోదామని ముందింటికి వెళితే, రాధమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గేటు పక్కకు తీసుకుపోయింది. ఈ నాలుగు రోజుల్లో ముసలామె సగమైపోయింది. ఆటో దిక్కు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"బిడ్డా, మీ అమ్మను నేను ఎన్నడు సూడలే. మీ ఊరు గూడ ఎరగ. కానీ గా ఫోన్ల ఆఖరుకు 'వచ్చిన' అన్నది... గది నా గొంతు. నా గొంతు నాకు తెల్వదా?" ఆమె రవళి చెయ్యి వదల్లేదు. "నేనేడికి వచ్చిన బిడ్డా?"