డి బ్లాకు వెనక పలకరింపు

అల్ వుకైర్ దాటి ఎడారిలో ఇంకొంచెం ముందుకు పోతే మా కూలీల క్యాంపు వస్తుంది. అందులో డి బ్లాకు వెనక, నీళ్ళ ట్యాంకుకీ రేకుల కంచెకీ మధ్య ఒక సందు ఉంది. రాత్రి పది దాటితే అటు ఎవరూ పోరు. బాత్రూములకు దగ్గరి దారి అదే. అయినా చలిలో వణుక్కుంటూ చుట్టూ తిరిగే పోతారు. నేపాలీలు అక్కడ అగరుబత్తులు గుచ్చారు. మనవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, నిమ్మకాయలకు కుంకుమ పూసి మరీ కట్టారు.

అక్కడి దెయ్యం అరవదు. ఏడవదు. చీకట్లో నిలబడి, మెల్లగా, మర్యాదగా పలకరిస్తుంది...

“గుడ్ ఈవినింగ్, సర్.”

నా పేరు జోయెల్. క్యాంపు ఆఫీసులో గుమాస్తాను, మాది కోనసీమ. శుక్రవారం శుక్రవారం చర్చికి పోయేవాణ్ణి, దెయ్యం మాటెత్తితే నవ్వేవాణ్ణి. ‘ఇంగ్లీషు వచ్చిన దెయ్యమైతే ఆఫీసుకు పంపండి, కుర్చీ వేస్తాం’ అని మేలమాడేవాణ్ణి. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మారుతి సంగతి చెబుతాను. జగిత్యాల వైపు మనిషి, లుసైల్ సైటులో పని. ముప్పై దాటినవాడు, రెండు సిమెంటు బస్తాలు ఒక్కసారే మోయగలడు. ఫిబ్రవరిలో ఒక రాత్రి డ్యూటీ బస్సు ఆలస్యంగా దించింది. ఒళ్ళు హూనమై ఉంది. ఏదైతే అదైందని ఆ సందులోకి తిరిగాడు.

లైటు లేదు. గాలికి రేకులు టకటకమంటున్నాయి. సగం దూరం పోయాడు — ట్యాంకు పక్కన ఏదో నల్లగా... పైపు నీడ అనుకున్నాడు. ఇంకో నాలుగు అడుగులు వేశాడు.

నీడ కదిలింది.

“గుడ్ ఈవినింగ్, సర్...”

మారుతి ఆగిపోయాడు. ఆ నీడ వీడివైపు తిరగలేదు. కంచెవైపే చూస్తూ, ఎవరో జవాబు చెబుతారన్నట్టు కాసేపు ఆగింది. మళ్ళీ అదే మాట, ఈసారి గొంతు వణుకుతూ. అంతే, వీడు చెప్పు ఒకటి అక్కడే వదిలేసి పరిగెత్తాడు. రెండు రోజులు జ్వరం.

మందుబిళ్ళ కోసం ఆఫీసుకొచ్చి, “ఆయనే సార్,” అన్నాడు గుసగుసగా. “ఆ నల్లాయనే. చచ్చిపోయిన గార్డు.”

ఆ గార్డు పేరు ముగీషా. ఉగాండావాడు. అంతకు ముందటేడు జనవరిలో మా క్యాంపులో డ్యూటీకి వచ్చిన మొదటి రాత్రే ఆ సందులో పోయాడు. చీకట్లో పైపులు తట్టుకుని పడ్డాడు, తలకు దెబ్బ తగిలింది అన్నారు. మొదట చూసింది మా గస్తీవాళ్ళే. అప్పట్లో గదుల్లో ఫోన్లు పోతుంటే, ఊళ్ళో దొంగల పుకారు లేస్తే కట్టెలు పట్టుకుని తిరిగినట్టే, మనవాళ్ళు ఆరుగురు రాత్రిళ్ళు కాపలా కాసేవారు. వాట్సాప్‌లో ఒక గ్రూపు కూడా పెట్టుకుని నన్నూ అందులో చేర్చారు. ఆరుగురూ ఒకే మాట చెప్పారు. కాగితం మీద కూడా అదే మాట ఎక్కింది.

మారుతికి బిళ్ళ ఇచ్చి పంపాక నాకు పౌరుషం వచ్చింది. ఈ దెయ్యం సంగతేమిటో తేలుద్దామని మూడో రాత్రి టార్చి పట్టుకుని పోయాను. పౌరుషమంతా ట్యాంకు దాకానే.

ఉంది... నిజంగానే ఉంది. కంచెకు ఎదురుగా, తల వంచుకుని.

“గుడ్ ఈవినింగ్, సర్.”

టార్చి నొక్కాను. దుప్పటి కప్పుకున్న మనిషి మెల్లగా ఇటు తిరిగాడు. మా లస్మయ్య. డి బ్లాకు తాపీమేస్త్రి, యాభై ఏళ్ళవాడు, నోట్లో నాలుక లేని మనిషి.

“లస్మయ్యా! నువ్వా?”

“లైటు ఆర్పు సారూ,” అన్నాడు.

ఆర్పాను. ఇద్దరం చీకట్లో నిలబడ్డాం.

“ఆయన పడి సావలే సారూ. నేనే కొట్టిన... వడిసెలతోని.”

రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే ఆ తాడు వడిసెల నాకు తెలుసు. లస్మయ్యది చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద కూర్చుని పిట్టల్ని కొట్టిన చెయ్యి. ఇక్కడ నైలాన్ తాడుతో ఒకటి అల్లుకుని క్యాంపులోకి వచ్చే కుక్కల్ని తరిమేవాడు. గస్తీకి దాన్నే తీసుకుపోయేవాడు. గురి తప్పడని అందరికీ గొప్ప.

“ఆ రాత్రి గ్రూపుల మెసేజ్ వచ్చింది. నల్లోడు ఒకడు రేకుల కాడ తిర్గుతుండని. అందరం ఉరికినం. మూలమీదికి ముందుగాల నేనే వచ్చిన. వడిసెల తిప్పిన. రేకుకు కొడితే సప్పుడుకు ఉరుకుతడనుకున్న సారూ. నిజంగ. గా రాయి వదుల్తుంటెనే, ఆయన ఇటు తిర్గి ఒక అడుగు ముందుకేసిండు. నవ్వుకుంట ‘గుడ్ ఈవినింగ్ సర్’ అన్నడు. వదిలినంక రాయి మన మాట ఇంటదా?”

రేకులు టకటకలాడాయి.

“ఆయన మర్యాదకు పలకరిచ్చిండు. నేను జవాబియ్యలే. అందుకే రోజు వచ్చి చెప్తున్న. ఈ ఒక్క ముక్క కోసం పక్క రూమోన్ని అడిగి నేర్సుకున్న.”

“నువ్వు కావాలని కొట్టలేదు కదా, లస్మయ్యా.”

“నేను గూడ గట్లనే అనుకుంట సారూ, తెల్లారెదాక. కని మనోడైతే ‘ఎవలురా’ అని అడిగేటోన్ని. తెల్లోడైతే సలాం కొట్టేటోన్ని. ఆయనను ఏమడగలే. ఎందుకు? నేనేమన్న తెల్లగున్ననా? ఎండకు మాడి నేను గూడ గంతే ఉన్న.”

ఆ ఫోన్లు దొంగిలించింది డి బ్లాకులో మనవాడేనని నెల తిరక్కుండానే తేలింది. పరుపు కింద దొరికాయి. అతణ్ణి నలుగురూ తిట్టి, అన్నం పెట్టి, ఇంటికి పంపేశారు.

“రేపు స్టేషన్‌కు పోత. నువ్వు ఇంగ్లీషుల రాసియ్యి,” అన్నాడు లస్మయ్య.

“తొందరపడకు. వచ్చే నెల నీకు సెలవుంది. ఇంటికి పోయి ఆలోచించుకో.”

“ఆయనెప్పుడు పోవాలె సారూ ఇంటికి?”

లస్మయ్య దుప్పటి భుజాల మీదికి లాక్కుని, నింద ఏమీ లేకుండా, మామూలుగానే అన్నాడు: “కొత్త గార్డు వచ్చిండని మాకు ముందుగాల ఎవలన్న ఒక్క మాట చెప్పినా సరిపోతుండె...”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చీకట్లో కూడా నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

మర్నాడు లస్మయ్య చెప్పినట్టే కాగితం రాసిచ్చాను. స్టేషన్‌కు పోయి మళ్ళీ రాలేదు. మిగతా ఐదుగురి పేర్లు ఎత్తలేదట. రాయి నా చేతిలోదే అన్నాడట. కేసు నడుస్తోంది. వాళ్ళావిడ రాములవ్వకు ఎడారి దేశాలన్నీ దుబాయే; ఆమె ఫోన్ చేసి, “దుబాయ్‌ల మా ఆయన ఎట్లున్నడు సారూ?” అని అడిగితే, బాగానే ఉన్నాడని చెబుతున్నాను.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఆ సాయంత్రం ముగీషాను డ్యూటీలో చేర్చుకుంది నేనే. మావాళ్ళు ఫోన్లు పోతున్నాయని మొత్తుకుంటేనే కంపెనీ అతణ్ణి పంపింది. యూనిఫాం ఇంకా రాలేదు, ఈ పూటకు నీ జాకెట్‌తోనే తిరుగు అన్నాను. గ్రూపులో ఒక ముక్క పెట్టాల్సింది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

రాత్రి భోంచేస్తుంటే ఫోన్ మోగింది. ‘నల్లోడు ఒకడు రేకుల కాడ తిర్గుతుండు.’ చదివాను. కొత్త గార్డేమో అనిపించింది. మీతో అబద్ధం ఎందుకు, అనిపించింది. చేతికి కూర అంటుకుని ఉంది. వాళ్ళే చూసుకుంటారులే, నిజంగా దొంగేనేమో కూడా, అనుకున్నాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అంతా అయిపోయింది.

నిన్న రాత్రి ఆఫీసు మూసేసరికి పదిన్నర. మారుతి ఎదురయ్యాడు. ఇప్పుడు వాడికి భయం లేదు. “దెయ్యం గాదు, మా లస్మయ్య కాకనే గద సార్,” అని నన్ను కూడా దగ్గరి దారిలోనే రమ్మన్నాడు.

సందులోకి తిరిగాం. గాలి లేదు. రేకులు కదలడం లేదు. మారుతి ముందు నడుస్తున్నాడు. ట్యాంకు దాటుతుంటే — నా చెవి పక్కనే, నవ్వుతున్న గొంతు...

“గుడ్ ఈవినింగ్, మిస్టర్ జోయెల్.”

ఈ క్యాంపులో నన్ను అలా పిలిచినవాడు ఒక్కడే. ఆ సాయంత్రం, డ్యూటీ కాగితం రెండు చేతులతో అందుకుంటూ పిలిచాడు.

ఆగిపోయాను. మారుతి వెనక్కి తిరిగాడు.

“విన్నావా?” అన్నాను.

“ఏంది సార్? నాకేం ఇనబడలే. ఏమైంది?”

“ఏం లేదులే,” అన్నాను. “పద.”